మందు చల్లని వీధి

ఆ ఏడాది చలి మొదలయ్యాక మా వీధిలో మొదటి ఎలుక మగ్గం గుంటలో చచ్చిపడింది. తెల్లవారి పనికి కూర్చోబోయిన అన్న కాలికి మెత్తగా ఏదో తగిలిందట. తోక పట్టుకుని పైకి తీసి, పాత గుడ్డలో చుట్టి, నా గది గడప మీద పెట్టి, "పాపా, నీ సొమ్ము వచ్చినాది, తీసుకో" అని కేక వేశాడు. వంటింట్లో వదిన నవ్వింది. నేను కూడా నవ్వుతూనే బయటికి వచ్చాను. గుడ్డ విప్పి చూశాక నవ్వు ఆగిపోయింది. అది బోనులో పడిన ఎలుక కాదు. ఒంటి మీద దెబ్బ లేదు, పిల్లి పంటిగాటు లేదు. నోటి దగ్గర కొంచెం నెత్తురు ఎండి ఉంది.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. హిందూపురం పక్కన మా నాయన పట్టుపురుగులకు మల్బరీ ఆకు పండించేవాడు. పట్టు బేరాల్లో కలిసిన స్నేహంతో నన్ను ఆ ఇంట్లో ఉంచాడు. అన్న, వదిన, అన్న తల్లి, ముగ్గురే ఉండేవాళ్లు. ఆ ముసలామెను వీధంతా అవ్వా అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ల ముందు గదిలో నా మంచం, ఒక మైక్రోస్కోపు, స్పిరిట్ సీసాలు, ఎలుక బోనులు ఉండేవి. నవలలు మంచం కింద ట్రంకుపెట్టెలో, చీరల అడుగున ఉండేవి. నేను అవి చదువుతానని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. బెంగళూరులో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ అయ్యాక అక్కడే ఒక పరిశోధనశాలలో ఫెలోషిప్ దొరికింది. మూడేళ్లు ప్లేగు మీద పనిచేసి డాక్టరేటుకు థీసిస్ రాయాలి. ఆ మూడేళ్లూ నెలనెలా ఖర్చులకు వాళ్లే ఇస్తారు. ఏడాదికొకసారి గైడు పని బాగుందని రాస్తేనే పై ఏడాదికి పొడిగిస్తారు. మా నాయన ఈ ఏర్పాటును చాలాసేపు నమ్మలేదు.

"సదువుకునేదానికి మనం గదా దుడ్లు కట్టాల్సింది. వాళ్లే ఎందుకిస్తారు?"

"పని చేయించుకుంటారు నాయనా. ఎలుకలు పట్టాల."

"దానికి ఎమ్మెస్సీ ఎందుకు పాపా, పిల్లి చాలదా?" అని నవ్వాడు. కొంచెంసేపటికి, "ఎందుకంట ఎలుకలు?" అని అడిగాడు. చెప్పాను. ఈసారి నవ్వలేదు. "ఆ పేరు ఇంట్లో అనొద్దు" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి వింది కాబోలు, ఆ రోజు నాతో మాట్లాడలేదు. నా అన్నం కంచం మాత్రం ఎప్పటిలా పెట్టింది.

మా గైడు మైసూరు వైపు మనిషి. మాతో కన్నడంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడేవారు. ఇక్కడ ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను. ఆ ఫెలోషిప్‌కు నాతోపాటు వచ్చిన ఇద్దరు అబ్బాయిలకు నాకంటే మంచి మార్కులున్నాయి. అయినా నన్నే తీసుకున్నారు. "వాళ్లను ఏ ఇంట్లోనూ గడప దాటనివ్వరు. నిన్ను వంటింటిదాకా రానిస్తారు" అన్నారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చేతులు చల్లబడతాయి. ఆ సంగతి దాచకుండా చెప్పాను. మాట్లాడే పని పెద్దగా లేదని, ఉండకూడదని ఆయన అన్నారు. ప్లేగు అన్న మాట మాత్రం నోట రాకూడదు. జనం బెదిరి లేచిపోతే ఇంక ఎలుకలూ ఉండవు, థీసిసూ ఉండదు. ఎలుకల మీద చదువుకుంటున్నానని చెబితే చాలు.

బెంగళూరు నుంచి గుంతకల్లు పోయే రైలుదారిలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా వస్తాయి. ధాన్యం బస్తాలతో పాటు ఎలుకలు ప్రయాణం చేస్తాయి. ఎలుకల ఒంటి మీద ఎగిరి దూకే చిన్న పురుగులుంటాయి. జబ్బు ఆ పురుగుల కడుపులో ఉంటుంది. పురుగులు చావడానికి ఇళ్లలో డి.డి.టి. పొడి చల్లేవారు. ఆ పొడికి పురుగులు అలవాటు పడిపోయాయని మా గైడు అనుమానం. అది తేలాలంటే పొడి చల్లిన చోటుతో పాటు చల్లని చోటు కూడా ఒకటి ఉండాలి. హిందూపురంలో, పెనుకొండలో చల్లారు. ధర్మవరంలో ఒక వీధిని మాత్రం, తాను చెప్పేదాకా ముట్టుకోవద్దని ఆయన ఆరోగ్యశాఖ వాళ్లతో మాట్లాడి ఆపించారు. అన్నవాళ్లది ఆ వీధే. రెండు చలికాలాలు అది అలాగే ఉంటే నా థీసిస్ నిలబడుతుంది. ఇది రెండో చలికాలం.

ఆయన రాతిగుండె మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన చిన్నప్పుడు వాళ్లింట్లో తల్లి, అక్క ఒకే వారంలో ఈ జబ్బుతోనే పోయారు. "పురుగు చావని పొడి చల్లి, ఇంక భయం లేదని జనానికి చెప్పడం కంటే పాపం లేదు" అనేవారు. ఆ మాటను నేను నమ్మాను. ఇప్పటికీ అది తప్పని అనను.

వీధిలో నాకు ఎలుకల పాప అని పేరు పడింది. సాయంత్రం ఇంటింటికీ పోయి వంటింటి మూలల్లో, ధాన్యం కుండల వెనక బోనులు పెట్టేదాన్ని. పొద్దున్నే పోయి తెచ్చి, ఎలుకకు మత్తిచ్చి, తెల్ల పళ్లెంలో పెట్టి దువ్వెనతో దువ్వి, రాలిన పురుగులను సీసాలోకి ఎత్తేదాన్ని. కొన్ని రోజులు పాసింజరు బండెక్కి పెనుకొండ, హిందూపురం పోయి అక్కడా అదే పని. బోనులున్న గోనెసంచి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. బెంచీ అంతా నాదే. నవల తీసుకుని చదువుకోవడానికి అంత మంచి చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మగ్గం గుంటలో ఎలుక దొరికాక ఎదురింట్లో ఒకటి దొరికింది. మూలమీది ఇంట్లో అటక మీంచి ఒకటి అన్నం వార్చే గంజిలో పడింది. అవి బోనుల్లో పడినవి కావు. ఆడవాళ్లు చేటలో పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, పసుపు కుంకుమ తెచ్చినట్టు నా గడప దగ్గరికి తెచ్చేవాళ్లు. "ఇదో, నీ అల్లుడు" అని ఒకామె, "కాల్జేతులు బాగుండాయి, కొనుక్కుంటావా" అని ఇంకొకామె. వాళ్ల ముఖాల్లో భయం లేదు. నాకున్న భయం నేను వాళ్లకు చెప్పకూడదు.

అదే సమయంలో బోనులు ఖాళీగా రావడం మొదలైంది. సాయంత్రం పెట్టిన ఎండుకొబ్బరి ముక్క పొద్దునకూ అలాగే ఉండేది. అంతకుముందు అటక మీద ఎప్పుడూ ఏదో పరుగు వినిపించేది, వదిన గరిటెతో దూలం మీద కొట్టి తిట్టేది. ఇప్పుడు తిట్టే పని లేకుండా పోయింది. "ఎలుకల పాప దెబ్బకు ఇల్లు నిమ్మళంగా ఉండాది" అని ఆమె సంతోషపడింది. ఆ నిమ్మళాన్ని నేను కూర్చుని వినేదాన్ని.

ఇంకొకటి కూడా గమనించాను. బతికి బోనులో పడిన ఎలుకను దువ్వితే పళ్లెం నిండా పురుగులు రాలేవి. ఈ చచ్చిన ఎలుకలను ఎంత దువ్వినా వెంట్రుకలే రాలుతున్నాయి. పుస్తకంలో చదివిందే. ఎలుక ఒళ్లు చల్లబడగానే పురుగులు దాన్ని వదిలి వెచ్చటి ఒళ్లు వెతుక్కుంటాయి. పరీక్షలో ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవి వదిలి ఎక్కడికి పోయాయన్నది పరీక్షలో అడగలేదు.

అవ్వ నడవలో కూర్చుని రాట్నం మీద పట్టుదారం చుట్టేది. ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని, మెల్లగా, "అవ్వా, మీ కాలంలో ఎలుకలు ఇట్ల రాలితే ఏం చేస్తాంటిరి?" అని అడిగాను.

"ఏం జేస్తాం. ఒకటి పడినాదంటే చాలు, పొయ్యి ఆర్పి, పిల్లోళ్లను సంకనేసుకోని, ఊరిడిసి చేన్లల్లోకి పోతాంటిమి. ఆడనే గుడిసెలేసుకోని నెలో రెణ్ణెల్లో ఉండేది. జబ్బు తెచ్చే ఆయమ్మ ఊరంతా తిరిగి ఎల్లిపోయినంక వచ్చి, సున్నం కొట్టి, పాలు పొంగిచ్చి ఇండ్లల్లోకి దూరేది. పోనోళ్ల ఇండ్లకు వచ్చి మళ్లా తలుపు తీసేటోళ్లు లేరు."

"మరి ఇప్పుడెందుకు పోలేదవ్వా?"

ఆమె రాట్నం ఆపి నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడేమిటికి పోవాల? నువ్వుండావు గదా. పడిందాన్ని పడినట్లే తీసుకపోతాండావు. ఎలికతో పాటే ఆయమ్మా పోతాది. సర్కారోళ్లు నిన్ను పెట్టింది అందుకే గదా."

"అట్లని ఎవరు చెప్పినారు?"

"ఒకరు జెప్పాల్నా? ఊరికే ఎవరన్నా సచ్చిన ఎలికల్ని పండుకునే కొట్టిడిలో పెట్టుకోని కూసుంటారా? మేం ఆ మాత్రం ఎరగమా?" అని మళ్లీ రాట్నం తిప్పింది.

నేను చెప్పకుండా వదిలేసినదాన్ని వాళ్లే పూరించుకున్నారు. ఎలుక రాలితే ఇల్లు వదలాలని ఆ వీధిలో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. నేను వచ్చి గడప దగ్గర చెయ్యి చాచాను కాబట్టి ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టి పనిలో కూర్చున్నారు. అన్న అప్పుడూ మగ్గం మీదే ఉన్నాడు. చెక్కల చప్పుడు లోపలినుంచి వస్తోంది. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలో మోకాళ్లదాకా కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసేది. అన్న కాళ్లు పొద్దున్నుంచి మాపటిదాకా ఆ గుంటలోనే ఉంటాయి. మొదటి ఎలుక చచ్చింది అక్కడ.

పురుగులు ఉన్నాయో లేదో చూడటానికి మాకొక పద్ధతి నేర్పారు. మోకాళ్లదాకా తెల్ల మేజోళ్లు తొడుక్కుని కాసేపు నిలబడితే, పురుగులు ఎగిరి వాటి మీద వాలతాయి, తెలుపు మీద కనిపిస్తాయి. మేజోళ్లు తెచ్చి, గుంటలో దిగుతానంటే అన్న ఒప్పుకోలేదు.

"పడుగు ఎక్కించిన మగ్గం పాపా. నేసేటోడు తప్ప ఇంకొకరు కాలు పెట్టకూడదు. ఇట్ల తే, నేనే ఏసుకుంటా. పొద్దున్నుంచీ దాంట్లోనే ఉండా గదా."

వదిన వచ్చి చూసి తలుపు పట్టుకుని నవ్వింది. "ఏమప్పా, యాడికి పోతాండావు, రెండో పెండ్లికా? నా పెండ్లికి ఇంత సింగారం లేదే."

"నీ పెండ్లికి సింగారించుకుంటే నువ్వు బెదిరి పారిపోతావని" అని అన్న దారమున్న నాడెను పడుగు నడుమకు విసిరాడు. కొంచెంసేపు నేశాడు. కాళ్లు పైకి తీయమన్నాను. తీశాడు.

వదిన నవ్వు సగంలో ఆగింది. మేజోళ్ల మీద మిరియాల పొడి చల్లినట్టుంది. ఆ పొడి కదులుతోంది.

"ఏందివి?" అన్నాడు అన్న.

"ఎలుకల మీది పురుగులన్నా."

"ఎలుకల్ని నీకే ఇస్తిమి గదా."

"ఎలుకల్ని ఇచ్చినారు. ఇవి ఈడనే ఉండిపోయినాయి."

మేజోళ్లను కిరసనాయిలు బకెట్లో ముంచాను. నా గదిలోకి పోయి, చివరగా వచ్చిన ఎలుకను స్పిరిట్‌తో తడిపి, కోసి, గాజుపలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ప్లేగు క్రిములు రెండు కొసల్లోనే రంగు పట్టి, నడుమ ఖాళీగా, మూసిన పిన్నీసుల్లా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు ఇంత స్పష్టంగా ఎక్కడుంటాయిలే అనుకున్నాను. అంతకంటే స్పష్టంగా ఉన్నాయి.

గైడు ఉత్తరాదికి ఏదో సమావేశానికి పోయి ఉన్నారు. తంతి ఇస్తే, ఆయన వచ్చేదాకా వీధిలో ఏదీ మార్చవద్దని పరిశోధనశాల నుంచి జవాబు వచ్చింది. వాళ్లు ఆయన కింద పనిచేసేవాళ్లు, అంతకంటే ఏమంటారు. ఆ రాత్రి డైరీ తెరిచి ఏమీ రాయలేక మూసేశాను. వీధిలో పొడి పడితే నా రెండేళ్ల పని పోతుంది, దాంతో ఫెలోషిప్ కూడా. పడకపోతే అన్న కాళ్లు రేపు కూడా ఆ గుంటలో ఉంటాయి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదని ఇప్పుడు రాయడం తేలిక. అప్పుడు మాత్రం ఆలోచించాను.

మరుసటి పొద్దున బండికి పెనుకొండ పోయాను. పొడి డ్రమ్ములు, చల్లే మనుషులు అక్కడి హెల్త్ ఇన్‌స్పెక్టరు చేతిలో ఉండేవి. నన్ను చూడగానే కుర్చీ చూపించాడు కానీ, మాట విన్నాక ముఖం మార్చుకున్నాడు.

"ఆ వీధి ముట్టొద్దని మీ సారే గదమ్మా చెప్పింది. మా మేస్త్రీలు ఏమంటాండారో తెలుసునా? ఆ వీధిలో మీకు చుట్టాలుండారంట. పొడి పడితే పట్టుచీరలు చెడతాయని మీరే ఆపించినారంట."

"ఎవరూ చుట్టాలు లేరు. ఎలుకలు పడతాండాయి."

"సారు వచ్చి చెప్పనీ."

"సారు వచ్చేలోగా మనిషి పడితే మీరు ఎవరికి చెప్తారు?"

నా గొంతు అంత గట్టిగా రావడం నాకే కొత్త. పక్క బల్ల గుమాస్తా తలెత్తి చూశాడు. నేను గాజుపలక తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. డ్రమ్ముల లెక్క పుస్తకం దగ్గరికి లాక్కుని, "రేపు పొద్దునకు వస్తాం పో తల్లీ" అన్నాడు.

ధర్మవరం చేరేసరికి నా గడప మీద చేట ఉంది. మూలమీది ఇంటామె పక్కనే నిలబడి ఉంది.

"దీన్ని నేను తీసుకోనక్కా" అన్నాను.

"యాల?"

"ఇంక ఎవరివీ తీసుకోను. నేను తీసుకుంటే జబ్బు పోదు. అది ఇంట్లోనే ఉంటాది. దీని మీద కిరసనాయిలు పోసి కాల్చి, మీరు ఇల్లు ఇడిసి పోండి."

ఆమె చేట అక్కడే వదిలి, కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తింది. నేను ప్రతి ఇంటికీ పోయి చెబుదామని బయలుదేరాను. నాలుగిళ్లు పోయేసరికి నాకంటే ముందు మాట పోయింది. ప్లేగు గురించి నేను చెప్పినదాన్ని ఎవరూ వినలేదు. ఆ పాపే వద్దంటాంది, ఆ పాపే బెదిరింది, ఈ ఒక్క మాట చాలింది. పొద్దు వాలేలోగా కుండలు, చాపలు, రాట్నాలు బండ్లకెక్కాయి. రైలుకట్ట అవతల వేరుశనగ పీకేసిన చేలల్లో గుడిసెలు లేచాయి. అవ్వ అందరికంటే ముందు పోయి కూర్చుంది.

అన్న పోలేదు. "కొంగొక్కటే మిగిలుండాది పాపా. పెండ్లి చీర. నాలుగు దినాలు కూసుంటే దిగిపోతాది. పడుగు కోస్తే మళ్లా ఎవరు అతుకుతారు?"

అవ్వ చేలోంచి మనిషిని పంపి తిట్టించింది. చివరికి తానే కర్ర పట్టుకుని వచ్చింది. "చీర ముగుస్తాదో నువ్వు ముగుస్తావో చూసుకో రా. ముహూర్తం వాళ్లకుండాది, నీకు గాదు." దానితో ఆ పూట అన్న లేచాడు.

మరునాడు పెనుకొండ మనుషులు వచ్చి ఇళ్లన్నిటా పొడి చల్లారు. సందులు, గోడల అడుగులు, ధాన్యం కుండల వెనక అంతా తెల్లగా అయింది. చేలల్లో అందరికీ సూదులు వేశారు. నేను పొడి చల్లేవాళ్ల వెంటే తిరిగాను. అన్న ఇంట్లో కూడా చల్లడం చూశాను. మగ్గం మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. జరీ నల్లబడుతుందని కప్పాడనుకున్నాను. దుప్పట్లు గుంట మీదుగా నేలదాకా వేలాడుతున్నాయి. లోపల పొడి పడలేదన్నది నాకు తట్టలేదు.

తర్వాత తెలిసింది, సూది వేయించుకుంటే చెయ్యి వాస్తుంది, నాడె విసరలేనని అన్న వరసలోంచి తప్పించుకున్నాడట. రోజూ పొద్దున చెరువు వైపు పోతున్నానని చెప్పి, రైలుకట్ట దాటి ఇంటికి పోయి, దుప్పటి ఎత్తి, అందులోనే కాళ్లు దించి కొంగు నేసేవాడట.

ఒకరోజు గుడిసెలో అన్న పడుకుని ఉండగా చూశాను. ఆయన పగలు పడుకునే మనిషి కాదు. వదిన ఉప్పు మూట వేడి చేస్తోంది.

"ముల్లు గుచ్చుకున్నాదంట. గజ్జల్లో బిళ్ళ కట్టినాది. కాపడం పెడితే కరిగిపోతాది" అంది.

అది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. నేను అరికాళ్లు రెండూ తిప్పి చూశాను. ముల్లు గుర్తు లేదు. నుదురు మీద చెయ్యి పెట్టాను.

"ముల్లు యాడ గుచ్చుకున్నాదన్నా?"

అన్న కళ్లు తెరిచాడు, తాగినవాడి కళ్లలా ఎర్రగా ఉన్నాయి. "కొంగు జానెడు ఉండాది పాపా, అంతే" అన్నాడు.

ఎద్దుల బండిలో ఆసుపత్రికి తీసుకుపోయాం. పెనుకొండ ఇన్‌స్పెక్టరు తన దగ్గర ఉన్న మందుతో తానే వచ్చాడు. పూటపూటకూ సూదులు వేశారు. వదినను లోపలికి రానివ్వలేదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, నేను వచ్చిపోతుంటే నా ముఖమే చూసేది. అన్న జ్వరం సంధిలో ఎవరెవరి పేర్లో పిలిచాడు. జ్వరం తగ్గకముందు మనిషి అలా తేలికైపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పక్క కనపడేది, పక్క మీద మనిషి కనపడేవాడు కాదు. ఒక పొద్దున నీళ్లడిగాడు. తర్వాత గంజి అడిగాడు. బతికాడు. బిళ్ళ పగిలి మానడానికి చాలా కాలం పట్టింది. ఆ వీధిలో ఇంకెవరికీ జబ్బు రాలేదు. అందుకే ఇళ్లకు తిరిగొచ్చాక కొందరు, ఒక్కనికి జ్వరమొస్తే ఊరంతటినీ ఎండలో పెట్టింది ఈ పాప అన్నారు. నా ముందే అన్నారు.

గైడు వచ్చారు. ముందు ఆసుపత్రికి పోయి అన్నను చూశారు. చాలాసేపు మంచం పక్కన నిలబడ్డారు. బయటికి వచ్చాక నన్ను కోప్పడలేదు.

"నువ్వు చేసింది సరైనదే. నేనున్నా ఇదే చేసేవాణ్ణి. కానీ థీసిస్‌లో ఈ వీధి ఇంక పనికిరాదు. పొడిగించమని రాయాలంటే నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి."

"ఇంకేం చేయమంటారు సార్?"

"బుక్కపట్నంలో ఇంకా చల్లలేదు. అక్కడ ఒక వీధి తీసుకో. వచ్చే చలికాలందాకా నేను మాట్లాడి ఆపిస్తాను."

"ఎలుక చస్తే ఇల్లు వదలాలని మొదటిరోజే ఇంటింటికీ చెప్పి మొదలుపెడతాను సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అలా చెబితే మొదటి ఎలుకకే అందరూ పోతారు. ఎంతకాలం ఆ పురుగులు ఇంట్లో బతుకుతాయో మనకు తెలియదు. అది తెలియకుండా ఊళ్లకు ఊళ్లు పొడి నమ్ముకుని కూర్చుంటాయి. అలా నమ్మి చచ్చినవాళ్ల ఇళ్లను నేను చూశాను, నువ్వు చూడలేదు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను అన్న ఇల్లు చూశాను, ఆయన చూడలేదు. బుక్కపట్నం వీధి తీసుకోనని తల అడ్డంగా ఊపాను. ఆ ఏడాది చివర నా ఫెలోషిప్ ఆగిపోయింది. మైక్రోస్కోపును గడ్డి పెట్టిన పెట్టెలో సర్ది బెంగళూరుకు పంపి, హిందూపురం వచ్చేశాను. బళ్లో సైన్సు చెప్పే పని ఖాళీగా ఉందని నాయన ఒకసారి చెప్పాడు.

మళ్లీ చలి మొదలయ్యే రోజుల్లో, ఆ ఫెలోషిప్‌లో కొత్తవాళ్లు చేరారని, బుక్కపట్నంలో పని మొదలైందని పాత స్నేహితురాలు రాసింది. ఆదివారం నేను రైలెక్కి ధర్మవరంలో దిగి, బుక్కపట్నం బస్సెక్కాను. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఏ వీధో కూడా తెలియదు. నడుస్తూ పోయి, తలుపు తీసి ఉన్న ఒక ఇంటి ముందు నిలబడ్డాను. చేతులు ఎప్పటిలా చల్లబడ్డాయి. లోపల ఒకామె తల దువ్వుకుంటోంది.

"ఎవరు గావాల పాపా?"

"ఎవరూ కాదక్కా. మీ ఇంట్లో ఎలుకలేమైనా చచ్చిపడినాయా అని."

"పడినాయి, మొన్న రెండు" అంది ఆమె, దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ. "బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి తీసుకపోయినాడు లే. ఇంక బయమేం లేదు. లోపలికి రా, నీళ్లు తాగిపో."

నేను లోపలికి పోయి కూర్చున్నాను.